ఒక పోగు ఎక్కువ

నేను ఎవర్నీ ఊరికే నమ్మను. వేలూరులో పిల్లలకు లెక్కలు చెబుతాను. రెండు పరీక్ష పేపర్లలో ఒకే తప్పు కనిపించిందంటే ఆ రోజంతా నాకు కుదురుండదు.

ఆదివారం బస్సెక్కి గుడియాత్తం పోతే మా అమ్మ వాకిట్లో లుంగీ పడుగు పోస్తూ ఉంటుంది. నేసేది తమ్ముడు. పడుగుకి 2310 పోగులు, అది నాయన పెట్టిపోయిన లెక్క. మంచి సంఖ్య. రెండు, మూడు, అయిదు, ఏడు, పదకొండు, వీటిలో దేనితో భాగించినా శేషం రాదు. గళ్ళు ఆ లెక్కన వేస్తే అంచున సగం గడి మిగలదు.

ఒకసారి ఊసుపోక పోగులు లెక్కపెట్టాను. 2311 వచ్చింది. మళ్ళీ పెట్టినా అంతే.

తిరుగు బస్సులో ఆ సంఖ్యను భాగిస్తూ కూర్చున్నాను. నలభై ఏడు దాకా పోయినా దేనికీ లొంగలేదు. ప్రధాన సంఖ్య. ఒకటితోనూ తనతోనూ తప్ప ఎవరితోనూ పొత్తు కుదరని మొండిది. నాకు భయం వేసింది. అమ్మకు సొంత అక్క, మా పెద్దమ్మ, చివర్లో కన్నబిడ్డల్నే ఎవరని అడిగేది. అమ్మకూ మొదలైందా? అదే అయితే తమ్ముడు మిల్లు పడుగు తెచ్చుకుంటాడు, అమ్మకు చేతిలో పని ఉండదు. పని లేని అమ్మను ఊహించుకోలేకపోయాను.

తర్వాతి పడుగూ 2311. ఆ పైదీ అంతే. అక్కడ నా అనుమానం దారి మార్చుకుంది. మతిమరుపైతే ఒకసారి తగ్గాలి, ఒకసారి పెరగాలి. ప్రతిసారీ ఒకటే ఎలా పెరుగుతుంది? కాపీ కొట్టిన పిల్లల్ని నేను పట్టుకునేది ఇలాగే.

తమ్ముణ్ణి పక్కకు పిలిచి అడిగాను.

"నాకు తెలుసు అక్కా. అంచులో ఒక పోగు ఎచ్చుగా ఉంటాది. తీసేసి ఏమీ ఎరగనట్టు సుమ్మా ఉండిపోతా. అమ్మకి చెప్పొద్దు, బాధపడ్తాది" అన్నాడు.

వాడంత మంచితనం నాకు లేదు. నేరుగా అమ్మనే అడిగేశాను.

"నేనే పెడతాండా పాపా" అంది అమ్మ, చేతిలో పని ఆపకుండా. "వాడు ఆ పోగు తీసినాడంటే నా పడుగు లెక్కబెట్టినాడని అర్థం. మా అక్క మాదిరి నాకూ మతి తప్పే దినం వస్తే, ఎవురో ఒకరు చూస్తా ఉండల్ల గదా."

నాకంటే ముందే అమ్మ తనను తాను అనుమానించుకుంది. నాకు ఏడుపొచ్చింది.

అప్పట్నించీ ఇంటికి పోగానే, కాళ్ళు కూడా కడుక్కోకుండా పడుగు లెక్కపెడతాను. 2311 వస్తే కడుపునిండా తింటాను.

పోయిన ఆదివారం 2310 వచ్చింది. నాయన పెట్టిన లెక్క, లుంగీకి సరిగ్గా సరిపోయే లెక్క.

"నువ్వు తీసేసినావా?" అని తమ్ముణ్ణి అడిగాను.

"ఇంకా చెయ్యే పెట్టలేదు అక్కా."

"అమ్మా, ఆ ఎక్కువ పోగు పెట్టినావా?"

"ఎప్పుడూ పెట్టేదే గదా పాపా" అని అమ్మ నవ్వింది.

తమ్ముడు నా మొహం చూశాడు. నేను మొదటి పోగు నుంచి మళ్ళీ లెక్కపెట్టడం మొదలుపెట్టాను.