ట్యాంకు దాకా వెళ్ళని రోజు

2022 వేసవి. పంజాగుట్ట చౌరస్తాకు దగ్గర్లో ఒక బ్రూపబ్. బీరు అక్కడే తయారుచేసి అక్కడే అమ్మే చోటును అలా అంటారు. నగరంలోని ఇలాంటి చోట్లకు వెళ్ళి, వాళ్ళ బీరు రుచి చూసి, లోపం ఉంటే ఎక్కడుందో రాసివ్వడం నా పని. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు ఒక బీరు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేశాను.

"తాగడం కూడా ఉద్యోగమేనా?" అని చుట్టాలు నవ్వుతారు. నిజానికి తాగేది తక్కువ. ఒక్కో గ్లాసులో రెండు గుక్కలు, మధ్యలో మంచినీళ్ళు, ఒక బ్రెడ్డు ముక్క. తేలికపాటి బీరుతో మొదలుపెట్టి నల్లటి చేదు బీరుతో ముగించాలి. రోజుకు మూడు చోట్లు దాటితే నాలుకను నమ్మలేం. ఆ రోజు సోమాజిగూడలో ఒకటి, అమీర్‌పేటలో ఒకటి చూసుకుని వచ్చాను. ఇది మూడోది.

యజమానిది విజయవాడ వైపు. ఏసీ కింద టేబుల్ మీద గ్లాసులు అప్పటికే వరసగా పెట్టించాడు.

"గోధుమ బీరు ఏంటో తేడాగా ఉందంటున్నారండీ జనం. ఈ కొత్త బ్రూవర్ మీదే నా అనుమానం. మీరు చెబితే ఇక తిరుగులేదు ప్రభాకర్ గారూ," అన్నాడు.

గోధుమ బీరులో లేతగా అరటిపండు వాసన రావాలి. ఈస్ట్ ఇచ్చే సహజమైన వాసన అది. ఆ గ్లాసులో మాత్రం సినిమా హాల్లో పాప్‌కార్న్ మీద పోసే వెన్న వాసన కొట్టింది. మేం దాన్ని డయాసిటైల్ అంటాం. బీరు పూర్తిగా పులిసి కుదురుకోకముందే బయటికి తీస్తే ఆ వాసన మిగిలిపోతుంది. ఇంకో దారిలో కూడా వస్తుంది. ట్యాంకు నుంచి కుళాయి దాకా వచ్చే పైపును, అంటే బీర్ లైన్‌ను, సరిగా కడగకపోతే అందులో చేరిన క్రిములు అదే వాసన పుట్టిస్తాయి. ఏది కారణమో తేల్చే పద్ధతి ఒకటే. ట్యాంకుకు ఉండే చిన్న శాంపిల్ వాల్వ్ తిప్పి, పైపుతో సంబంధం లేకుండా నేరుగా బీరు పట్టుకుని తాగాలి. కొత్తగా చేరినవాళ్ళకు నేను నేర్పే మొదటి పాఠం అదే.

అక్కడ బీరు తయారుచేసే బ్రూవర్ పేరు యాదగిరి. ముప్పై ఏళ్ళుంటాయి. పక్కనే నిలబడి ఉన్నాడు.

"సార్, ఒక్కసారి పైకి రండ్రి. ట్యాంకుల కెల్లి తాగి చూడుండ్రి. నా బీరుల గా వాసన లేదు."

ట్యాంకులు మూడో అంతస్తులో ఉన్నాయి. లిఫ్టు రెండో అంతస్తు దాకానే. నాకు మోకాళ్ళ నొప్పి.

"గ్లాసులో ఉన్నదే కదయ్యా జనం తాగేది," అన్నాను. యజమాని నవ్వాడు. యాదగిరి నవ్వలేదు.

"గిలాస నాది కాదు సార్. ట్యాంకే నాది."

ఆ మాట నాకు పొగరుగా వినిపించింది. 'బ్రూవర్ తొందరపాటు వల్ల బీరు కుదురుకోలేదు' అని రాసిచ్చాను. ఆ వారమే అతన్ని తీసేశారు. ట్యాంకులో బీరు మొత్తం మురుగు మోరీలోకి వదిలారు. మరో పబ్బు వాళ్ళు ఫోన్ చేసి అతని గురించి అడిగితే, "తొందరపడే మనిషి," అన్నాను.

రెండు నెలల తర్వాత యజమాని మళ్ళీ పిలిచాడు. కొత్త బ్రూవర్, కొత్త బీరు, అదే వాసన. ఈసారి మెట్లెక్కాను. శాంపిల్ వాల్వ్ నుంచి పట్టిన బీరులో ఏ దోషమూ లేదు. కిందికొచ్చి కుళాయి వెనక జాయింటు విప్పించాను. వేలికి పసుపురంగు జిగురు అంటింది. పదిహేను రోజులకోసారి క్రిములను చంపే మందు నీళ్ళతో కడగాల్సిన పైపు అది. రిజిస్టర్లో మాత్రం అన్ని టిక్కులూ ఉన్నాయి.

"భాయ్, శుక్రవారం వస్తే ఊపిరాడదు. తర్వాత చేద్దాం అనుకుంటం, గట్లనే పోతది," అన్నాడు బార్ కుర్రాళ్ళకు పెద్దవాడు.

"సరేలెండి, ఇప్పుడు తెలిసింది కదా. పైపులు మార్చేద్దాం," అన్నాడు యజమాని.

నేనూ సరేనన్నాను. రెండో నివేదికలో పైపు గురించి రాశాను, మొదటి నివేదిక తప్పని రాయలేదు. తర్వాత ఇంకొకరు యాదగిరి గురించి అడిగినప్పుడు, "నాకంతగా తెలీదండీ," అని ఫోన్ పెట్టేశాను. మెట్లెక్కకపోవడం బద్ధకం. ఇది బద్ధకం కాదు. నిజం చెబితే నా పేరు పోతుందని భయం.

ఇప్పుడు నా ప్రతి నివేదికలో మొదటి వాక్యం, గ్లాసు ఎక్కడ నింపారన్నది. ఆ అలవాటు వల్ల యాదగిరికి ఒరిగిందేమీ లేదు.

పోయిన నెల ఎస్.ఆర్. నగర్‌లో అతను కనబడ్డాడు. హాస్టళ్ళకు ఇడ్లీ, దోసె పిండి రుబ్బి వేసే చిన్న షెడ్డు నడుపుతున్నాడు. మూడు గ్రైండర్లు తిరుగుతున్నాయి.

"ఇది సుత పులిసేదే కద సార్. పని మారలే," అన్నాడు. స్టూలు జరిపి కూర్చోమన్నాడు. జరిగింది మొత్తం చెప్పాను. అతనికి పైపు సంగతి అప్పటికే తెలుసు. పబ్బులో వెయిటర్ ఎవరో చెప్పాడట.

"మీరొచ్చి చెప్తరని జర చూసిన. తర్వాత చూసుడు బంజేసిన."

మర్నాడు నా లెటర్‌హెడ్ మీద రాశాను. లోపం బ్రూవర్‌ది కాదు, పైపుది, ట్యాంకు చూడకుండా తీర్పు రాసింది నేను అని. యజమానికీ, నాకు ఫోన్ చేసిన ఇద్దరికీ పంపి, ఒక కాపీ యాదగిరికి ఇచ్చాను. అతను చేతులు తుడుచుకుని రెండుసార్లు చదివాడు.

"మంచిగ రాసిండ్రు. ఒక్కటి అడుగుత సార్. గా బీరు ఎట్లుండె?"

"ఏది?"

"నేను చేసింది. మోరీల వోసింది."

గ్లాసులో నేను తాగింది పైపు పాడుచేసిన బీరు. అతను చేసిన బీరు నేనెప్పుడూ తాగలేదు.

"తెలీదు యాదగిరీ."

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మస్తుండె సార్," అని, గ్రైండర్ ఆపడానికి లోపలికి వెళ్ళాడు.