ఎండకు బొంగురుపోయిన మైక్‌సెట్

అరవై దశకం నడుమ చింతామణిలో నాకు చిన్న రేడియో రిపేరీ అంగడి ఉండేది. వాల్వు రేడియోల మధ్యకు ట్రాన్సిస్టర్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఒక ఏడు దసరా దాటాక బాగేపల్లి నుంచి రంగప్ప తన మైక్‌సెట్‌ను బస్సు టాపు మీద వేసుకొచ్చాడు. కరెంటు లేని పల్లెల్లో పెళ్లిళ్లకు దాన్ని లారీ బ్యాటరీతో పెట్టడం అతని బతుకుతెరువు.

"రాత్రిపూట బాగానే పలుకుతాదప్పా. పగలు ముహూర్తం పొద్దుకు గొంతు పూడుకుంటాది. మిట్టేమరి పెండ్లిలో, చాకవేలు పెండ్లిలో ఇదే కత. నా చెయ్యి మంచిది కాదంటాండారు. ఇంక నన్నెవురు పిలుస్తారు?" అన్నాడు.

నా చీకటి అంగట్లో పెడితే ఖంగుమని పలికింది. లోపం ఏమిటో అంతు చిక్కలేదు. పగలే కదా చెడేదని వీధిలోకి తెచ్చి ఎండలో పెట్టాను. వేడెక్కకూడదని రంగప్ప ఎప్పుడూ చేసినట్టే దాని పెట్టె మూత తీసి ఉంచాను. వెంటనే మాట గరగరలాడింది. వేడి అనుకుందామంటే పెట్టె ఇంకా చల్లగానే ఉంది. రంగప్ప ఆదుర్దాగా దాని మీదికి వంగాడు. అతని నీడ పడగానే గొంతు తేరుకుంది.

లోపల మాటను పెంచే చిన్న గాజు ట్రాన్సిస్టర్లు తళతళలాడుతున్నాయి. వాటి మీద ఉండాల్సిన నల్లరంగు లేదు. రంగు యాడికి పోయిందని అడిగాను.

"అది మసి కాదా? ఆయుధపూజకని చాకుతో గీకి, తుడిచి, బొట్టు పెట్టినాను. దేవుని పనని చేసినాను కదప్పా, చెడిపోయిందా?"

ఏమీ చెడలేదని చెప్పాను. నాకు నవ్వొచ్చింది, అతనూ నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూ.

ఎనర్జీ గ్యాప్ గురించి చిక్కబళ్లాపురం సైన్సు మేష్టరొకాయన నాకు చెప్పి ఉన్నాడు. కట్టుబడి ఉన్న ఎలక్ట్రాన్ విడిపడి తిరగడానికి దాటాల్సిన ఎడం అది. కరెంటు పారే రాగిలో ఆ ఎడమే లేదు, కరెంటు పారని అభ్రకంలో మరీ ఎక్కువ, ట్రాన్సిస్టర్‌లోని జెర్మేనియంలో కొంచెమే. దాన్ని దాటించడానికి ఎండ వెలుతురు చాలు. అక్కర్లేని కరెంటు పారి మాట చెడుతుంది. వెలుతురు చొరబడకుండా కాసేది ఆ నల్లరంగే. మేష్టరు చెప్పినప్పుడు తల ఊపాను గానీ, నాకది అర్థమయింది రంగప్ప నీడలోనే. ఇద్దరికీ రుణపడి ఉన్నాను.

సైకిలు షాపు నుంచి నల్లరంగు తెచ్చి పూశాను. ఆరాక మళ్లీ ఎండలో పెట్టాం. మైకు చేతికిస్తే ఏమనాలో తోచక రంగప్ప తన పేరే చెప్పాడు. అది వీధి చివరిదాకా స్పష్టంగా వినిపించింది.

వస్తువును చూసే ముందు, దాన్ని ఎట్లా చూసుకున్నారని మనిషిని అడగడం నాకు అప్పటినుంచే అలవాటయింది.

మరుసటి దసరాకు రంగప్ప పూలు తెచ్చాడు. ఆ ఏడు సీజనంతా తీరిక లేదట. ఈసారి మూత తీయకుండా పైనే బొట్టు పెట్టానన్నాడు. ఆ తర్వాత నా బల్ల మీది నల్లరంగు డబ్బాకు కుంకుమ పెట్టి దండం పెట్టాడు. ఆ బొట్టు నేను తుడవలేదు.