మోట తోలు టిప్పు

నాకు నిలకడ లేదు. ఈ మాట మా అమ్మ అనేది, తర్వాత మా ఆవిడ అంది, చివరికి నేనూ ఒప్పుకున్నాను. అన్నం తింటూ తింటూ లేచి గేటు దాకా వెళ్లొచ్చే మనిషిని. అలాంటివాణ్ణి ముప్పయ్యో ఏట పోయి పోయి బిలియర్డ్స్ బల్ల దగ్గర చేరాను. ఆ ఆటకు కావలసిందంతా ఓపిక. నాకు నచ్చింది మాత్రం అందులో ఒకే ఒక్క దెబ్బ, బ్రేక్.

మా నూజివీడు క్లబ్బులో ఆట మా పద్ధతిలోనే సాగేది. పదిహేను ఎర్ర బంతులు త్రికోణంగా పేర్చి, తెల్ల బంతిని వాటి మీదికి బలంగా కొట్టాలి. దాన్నే బ్రేక్ అనేవాళ్లం. మెల్లగా తాకించి తప్పుకుంటే ఒప్పుకునేవాళ్లం కాదు. ఆ తర్వాత ఎనిమిది బంతులు ఎవరు ముందు బల్ల అంచులకున్న సంచుల్లో పడేస్తే వాళ్లు గెలిచినట్టు. త్రికోణం ఫట్‌మని పగిలి బంతులు నలుమూలలకూ పరిగెడుతుంటే నా ఒంట్లో తీట ఆ కాసేపూ తీరేది.

ఆ బల్ల జమీందారీ బంగళాలోంచి వచ్చింది. ఎస్టేటు రద్దయ్యాక బల్లతో పాటు దాన్ని కనిపెట్టుకుని ఉండే మార్కర్ కూడా క్లబ్బుకు వచ్చేశాడు. యాభై దాటిన మనిషి. వాళ్లింట్లో అందరూ మామిడితోటల్లో కూలికి పోయేవాళ్లే, ఇతనొక్కడే పోలేడు. కాయ తొడిమ తుంచితే కారుతుందే, ఆ సొన ఇతని ఒంటికి పడదు. చుక్క తగిలితే చాలు, బొబ్బలెక్కి తోలు ఊడిపోయేది. మా ఊళ్లో పుట్టి మామిడి సొన పడని మనిషి ఏం చేసి బతుకుతాడు చెప్పండి? బల్ల మీది ఆకుపచ్చ గుడ్డను బ్రష్షుతో దువ్వడం, కర్రల చివర తోలు టిప్పులు అతికించడం, ఆటలో పాయింట్లు చెప్పడం, ఇదే అతని పని. ఆ గది నీడే అతనికి అన్నం పెట్టేది.

ఆ అన్నం మీద క్లబ్బు సెక్రటరీ కన్ను పడింది. బల్ల ఉన్నచోట నాలుగు పేకాట బల్లలు వేయించాలని ఆయనకు ఎప్పటినుంచో ఉంది. గుడ్డ అప్పటికే రెండుచోట్ల చిరిగి కుట్లు పడి ఉంది. ఇంకొక్కసారి చిరిగిందంటే బల్ల విప్పించి అమ్మేస్తాననీ, మార్కర్ తన దారి తాను చూసుకోవాల్సిందేననీ మీటింగులో అందరి ముందూ చెప్పాడు. నేనూ అక్కడే ఉన్నాను. విన్నాను.

విన్నా నా గొడవ నాదే. ఏటా ఎండలు ముదిరే ముందు బెజవాడ నుంచి ఒక ఇంజనీరుగారు మా ఊరు వచ్చేవారు. మూడేళ్లుగా ఆయన చేతిలో ఓడిపోతున్నాను. ఆయన బ్రేక్ కొడితే బంతులు పారిపోయేవి, నేను కొడితే బద్ధకంగా ఒళ్లు విరుచుకునేవి. సంగతంతా టిప్పులో ఉందని మార్కరే చెప్పాడు. మిగతా ఆటకు మెత్తటి తోలు మంచిదేనట, బంతిని కాస్త పట్టుకుంటుంది. బ్రేక్ దెబ్బకు మాత్రం ఆ మెత్తదనమే బలాన్ని మింగేస్తుంది, కాబట్టి గట్టిది కావాలి. అలాగని జారకుండా టిప్పుకు రాసే సుద్ద కూడా పట్టనంత గట్టిదైతే బంతి మీద జారుతుంది, జారితే కర్ర మొన తిన్నగా గుడ్డలో దిగుతుంది. బ్రేక్ కోసం వేరే ఒక కర్ర ఉంచుకోమనీ, దానికి మద్రాసు నుంచి బాగా అదిమిన తోలు టిప్పు తెప్పించుకోమనీ సలహా ఇచ్చాడు.

ఆ పూటే కార్డు రాసి పడేశాను. రెండు వారాలు గడిచినా పార్సెల్ జాడ లేదు. రోజుకు రెండుసార్లు పోస్టాఫీసుకు సైకిలు తొక్కాను. నన్ను చూస్తేనే పోస్టుమాస్టరు తల అడ్డంగా ఊపేవాడు. ఇంజనీరుగారు ఆదివారం వస్తున్నట్టు కబురొచ్చింది. ఇక నేను కాలు కాలిన పిల్లిలా తిరగడం మొదలెట్టాను.

చెప్పు అడుగు కోసి టిప్పు చేశాను, ఒక్క పూటకే నలిగి చదునైపోయింది. గేదె కొమ్ము ముక్క అరగదీసి పెట్టాను. టక్కుమని బంతి ఎగిరి గోడకు తగిలింది. మార్కర్ ఆ కొమ్ము ముక్క ఊడదీసి తన జేబులో వేసుకున్నాడు, మళ్లీ ఎంతడిగినా ఇవ్వలేదు.

శుక్రవారం ఆగిరిపల్లి దారిలో ఉన్న మా తోటకు వెళ్లాను. కాయలు టెంక పడుతున్నాయి. బావి మీద ఆయిల్ ఇంజను పెట్టాక మోట పని ఆగిపోయింది. ఎడ్లు లాగిన ఆ మోటకుండే తోలు తొండం పాకలో వేలాడుతోంది. ఇరవై ఏళ్లు నీళ్లలో నాని, ఎండలో ఎండి, ఏటేటా ఆముదం తాగిన తోలు. గోటితో గిల్లితే గాటు పడలేదు. నా సంబరం చూడాలి! అక్కడికక్కడే కత్తితో ముక్క కోశాను.

మార్కర్ దాన్ని వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, నూనె తాగిన తోలుకు సుద్ద నిలవదని చెప్పాడు. తోలు కనిపిస్తే ఆముదం రాయడం మా వ్యవసాయదారులకు పుట్టుకతో వచ్చిన అలవాటు. అదే ఇక్కడ కొంప ముంచుతుందని నా బుర్రకెక్కలేదు. నూనే కదా, పోగొడితే పోతుంది అనుకున్నాను. ఇంటికెళ్లి కుంకుడు రసంలో నానేసి రుద్దాను. తలంటుకి ఉంచిన కుంకుళ్లన్నీ ఈ ముక్కకే సరిపోయాయని మా ఆవిడ సణిగింది. ఎండబెట్టి, నేనే అతికించాను. సుద్ద రాస్తే నీలంగా చక్కగా పట్టింది. మార్కర్‌కు ఏం తెలుసు అనుకున్నాను.

ఆదివారం సాయంత్రం క్లబ్బు నిండిపోయింది. బ్రేక్ నాది. మార్కర్ నా కర్ర అందుకుని, టిప్పు మీద బొటనవేలు ఆనించి గట్టిగా నొక్కాడు. వేలు నా వైపు తిప్పి చూపించాడు. సుద్ద కింద నుంచి నూనె తళుక్కుమంటోంది.

"ఈ కర్రతో వద్దు బాబూ. ఇది జారుద్ది. మామూలు కర్రతో కానివ్వండి," అన్నాడు నాకు మాత్రమే వినపడేట్టు.

అందరూ చూస్తున్నారు. నాకు ఒళ్లు మండింది. "నీ పని నువ్వు చూసుకో," అన్నాను, అందరికీ వినపడేట్టు.

అతను పక్కకు తప్పుకున్నాడు. నేను ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. టిప్పు బంతి అంచున జర్రున జారింది. తెల్ల బంతి రెండు జానలు దొర్లి ఆగింది. కర్ర మొన గుడ్డలో దిగి, మూరెడు పొడుగున చీల్చుకుంటూ పోయింది. పదిహేను ఎర్ర బంతులూ పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి.

సెక్రటరీ నన్ను ఒక్క మాట అనలేదు. తప్పు నాదేనన్నాను, మార్కర్ వద్దన్నా వినలేదన్నాను. ఎవరిదైతే ఏముందిలెండి అన్నాడు. కొత్త గుడ్డ నేను తెప్పిస్తానన్నాను. వద్దండి, పేకాట బల్లలకు వడ్రంగితో మాట్లాడేశాను అంటూ నవ్వాడు. నేను చెప్పిన నిజం ఎవరికీ పనికి రాలేదు. వారంలో బల్ల విప్పి బండెక్కించారు. అది వెళ్లిన మర్నాడు మద్రాసు పార్సెల్ వచ్చింది.

తర్వాత కాయకోతలు మొదలయ్యాయి. తోటలో నా అలవాటు కొద్దీ చెట్టు చెట్టుకూ తిరుగుతూ, తొడిమలు తుంచి, సొన కారిపోయేలా కాయలు బోర్లించే వాళ్ల వరసలో మార్కర్‌ని చూశాను. వేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకున్నాడు. పేలికలు తడిసి నల్లబడ్డాయి. వెంటనే లేచి వచ్చెయ్యమన్నాను, పాకలో కూర్చుని తోట కాపలా చూస్తే చాలన్నాను. కాపలాకి మనిషి ఉన్నాడు కదండీ, వాణ్ణేం చేస్తారు అన్నాడు.

మధ్యాహ్నం అన్నాలకు ఆగినప్పుడు అతనే అడిగాడు.

"ఆ టిప్పు వచ్చిందాండీ?"

వచ్చిందన్నాను. కర్ర కూడా పట్రమ్మన్నాడు. తెప్పించింది వృథాగా పోవడమెందుకు, బెజవాడ వెళ్లినప్పుడు ఆడుకుంటారు కదా అన్నాడు. సైకిలు మీద ఇంటికి వెళ్లి టిప్పూ, కర్రా, బంకా తెచ్చాను. పేలికలు విప్పాడు. వేళ్ల మీద తోలు లేదు, ఎర్రటి మాంసం కనిపిస్తోంది. ఆ వేళ్లతోనే నా మోట తోలు గీకేసి, మొన చదును చేసి, వడ్రంగులు వాడే వజ్రం బంక వెచ్చబెట్టి, కొత్త టిప్పు వెంట్రుకవాసి తేడా లేకుండా అతికించాడు. కర్రను తలకిందులుగా పాక గోడకు నిలబెట్టాడు.

"రేపు ఈపాటిదాకా ముట్టుకోకండి. తొందరపడితే ఊడొచ్చేస్తుందండి," అన్నాడు.

ముట్టుకోలేదు. మర్నాడు కూడా ముట్టుకోబుద్ధి కాలేదు. ఆ కర్రతో ఇంతవరకూ ఒక్క బంతి కొట్టలేదు.

ఆ రోజు అతను కర్ర గోడకు నిలబెట్టేసరికి అన్నాలు ముగిశాయి, మేస్త్రీ అందర్నీ లేపుతున్నాడు. అతను పేలికలు మళ్లీ చుట్టుకున్నాడు. ఎడమ చేతికి కట్టుకోగలిగాడు గాని, కుడి చేతికి ముడి పడటం లేదు. చెయ్యి ఇలా తెమ్మన్నాను. మేస్త్రీ వైపు ఒకసారి చూసి ఇచ్చాడు. నొప్పి పుట్టకుండా నెమ్మదిగా, ఒక్కో వేలికీ విడివిడిగా ముడి వేశాను.