సూర్యలంక సరుగుడు తోటకి నేను గీసిన మ్యాప్

మా చిన్నప్పుడు బాపట్లలో సండే స్కూల్ పిక్నిక్ అంటే సూర్యలంకే... ఆ ఏడు మా విమల టీచర్ పిల్లలకి నిధి వేట ఆట పెడదామన్నారు. "మ్యాప్ నేను గీస్తానండి" అని చెయ్యెత్తాను. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

అంత ధైర్యం ఎక్కడిదంటే... తెనాలిలో మా పిన్ని వాళ్ళింట్లో చదివిన ఒక సాహస కథ. అందులో పిల్లలు సైకిలు క్యారేజీ మీద దిక్సూచి పెట్టుకుని, అడుగులు లెక్కేసుకుంటూ, ఒక్క పూటలో దీవి మొత్తానికి మ్యాప్ గీసేస్తారు. ఒక్క గీతా తప్పు పోదు. ఆ మ్యాప్ పట్టుకుని నడిస్తే నిధి పెట్టె నేరుగా కాలికి తగులుతుంది...

పిక్నిక్‌కి ముందు ఒకరోజు నాన్న నన్ను సూర్యలంక తీసుకెళ్ళారు. విరిగిన పడవ దగ్గర మొదలుపెట్టి సరుగుడు తోటలోంచి పాత పాక దాకా నాన్న సైకిలు నడిపించుకుంటూ వస్తే, నేను అచ్చం పుస్తకంలో లాగే క్యారేజీ మీద దిక్సూచి పెట్టి దిక్కులు రాసుకున్నాను. ఇంటికొచ్చి రంగు పెన్సిళ్ళతో దిద్దాను. నాన్న దాన్ని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపించారు. "మా అమ్మాయి సొంతంగా కొలిచిందండి" అని...

పిక్నిక్‌కి పిల్లల అమ్మానాన్నలు కూడా వచ్చారు. మొదటి జట్టు చిన్నపిల్లలది. అందులో మా చెల్లి సునీత ఉంది. మ్యాప్, దిక్సూచి దాని చేతికే ఇచ్చాను. నిధి దాచిన పాక దగ్గర ఇంకో టీచర్ కూర్చున్నారు కాబట్టి ఎవరికీ భయం లేదు.

చాలాసేపటికి ఆ టీచరే నడుచుకుంటూ వచ్చారు. "పిల్లల్ని ఇంకా పంపలేదేంటండీ?"

విమల టీచర్ ముఖం పాలిపోయింది.

పెద్దవాళ్ళంతా తోటలోకి పరిగెత్తారు, వెనకే నేనూ. గాలికి సరుగుడు చెట్లు అచ్చం సముద్రంలాగే హోరుమంటాయి... పిల్లల పేర్లు పెట్టి పిలిస్తే మా గొంతులు మాకే వినబడలేదు. సునీతా, సునీతా అని అమ్మ ఏడుస్తూ తిరుగుతుంటే, ఆ పక్కన నడవడానికే నాకు సిగ్గేసింది.

చివరికి చేపల తట్ట నెత్తిన పెట్టుకున్న ఒకావిడ పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. "మా పల్లె కాడికొచ్చేశారమ్మా. కాస్త నీళ్ళివ్వండి, బాగా ఏడ్చారు."

చెల్లి మాత్రం ఏడవలేదు. దిక్సూచి ఇంకా గుప్పిట్లోనే ఉంది. "ఈశాన్యం అని రాశావుగా అక్కా... ముల్లు చూసుకునే వెళ్ళాం" అంది.

ఒక పిల్లాడి తండ్రి మ్యాప్ అందుకుని, "ఎవరు గీశారండి ఇది?" అన్నారు.

"నేను చూసే ఇచ్చానండి. తప్పు నాదే" అన్నారు విమల టీచర్.

"గీసింది నేనండి" అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. ఎవరో నవ్వారు... "పుస్తకాలు చదివి ఇంజినీరైపోయింది." నాన్న ఇసుక వంక చూస్తూ నిలబడ్డారు. ఆ ముఖం చూశాక నాకు అన్నం దిగలేదు.

ఇంటికెళ్ళాక నాన్న దిక్సూచి అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశారు. తర్వాత క్యారేజీ మీద పెట్టారు. ముల్లు పక్కకి తిరిగిపోయింది. తీస్తే మళ్ళీ సరిగ్గా నిలబడింది. సైకిలు ఇనుము లాగేసిందన్నమాట, అందుకే నేను రాసుకున్న దిక్కులు తప్పాయి...

"ఆ పుస్తకం రాసినాయన సైకిలు మీద పెట్టి చూసుండడమ్మా" అన్నారు.

నన్ను ఓదార్చడానికే అన్నారు. కానీ నేనూ ఒక్కసారి చేతిలో పెట్టుకుని చూసుకోలేదు కదా...

మరుసటి ఏడు పిక్నిక్ చర్చి ఆవరణలోనే జరిగింది. అలా ఎందుకు మార్చారో ఎవరూ చెప్పలేదు. నేను మాత్రం ఆ రోజంతా టీచర్ కళ్ళలోకి చూడలేకపోయాను.

ఇప్పుడు దారి ఫోన్లే చెబుతాయి. తప్పు చెప్పినా ఫోన్నే తిట్టుకుంటారు, ఏ పిల్ల ముఖమూ చిన్నబోదు. మా రోజుల్లో అయితే అందరి ముందూ మనమే నిలబడాల్సి వచ్చేది... మీలో ఎవరైనా అలా నిలబడి ఉంటే కింద రాయండి. నాకూ కాస్త తోడున్నట్టుంటుంది.