పటేలు మనవడు గీకిన చక్రం

ఇప్పటి పిల్లలు చేసే ప్రతి పనినీ ఫోన్లో వీడియో తీసి ఊరందరికీ చూపించుకుంటుంటే నాకు ముచ్చటేస్తుంది, కొంచెం అసూయ కూడా. తెలంగాణ వచ్చిన కొత్తలో, నా ఇరవై మూడో ఏట, ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన ఒక షెడ్డులో ఎనిమిది నెలలు పనిచేసి, ఆ సంగతి కన్నతల్లికి కూడా తెలియనివ్వని మనిషిని నేను. మా తాత మాలీపటేలు. ఆయన సంతకం లేనిదే మా ఊళ్లో కాగితం కదిలేది కాదట. మా నాన్న కాలానికి మా ఇంటి సంతకాలు భూములు అమ్మిన కాగితాల మీదే ఎక్కువగా పడ్డాయి. నా వంతుకు ఒక పాత ఇల్లు, తాత తుపాకీ వేలాడిన మేకు (తుపాకీ ఎటు పోయిందో ఎవరూ చెప్పలేదు), నిటారుగా నడిచే అలవాటు మిగిలాయి. అలాంటివాణ్ణి కార్ల చక్రాల ముందు నేల మీద కూర్చుని ఎమరీ కాగితంతో రుద్దుతున్నానంటే పరువేం కావాలి? అందుకే ఇంట్లో ఆదిభట్ల దగ్గర కంపెనీలో సూపర్‌వైజర్నని చెప్పాను. పొద్దున ఇస్త్రీ చొక్కాతో బయల్దేరి, షెడ్డు వెనక పాత బట్టల్లోకి మారేవాణ్ణి.

మా పని అలాయ్ చక్రాల మరమ్మతు. ఫుట్‌పాత్ పక్కన కారు ఆపబోయి, దాని అంచుకు చక్రాన్ని గీకించుకున్నవాళ్లంతా మా దగ్గరికి వచ్చేవాళ్లు. గీతను రుద్ది నునుపు చేసి, లోతైన చోట పుట్టీ నింపి, ఆరాక మళ్లీ రుద్ది, ప్రైమరు, దాని మీద వెండి రంగు, ఆ పైన లక్కరు కొట్టాలి. చక్రం పగిలి వస్తే మాత్రం మా ఉస్తాదు ముట్టేవాడు కాదు. "కొత్తది కొనుక్కో అన్నా, పానం కంటె ఎక్కువనా?" అని పంపేసేవాడు. నిజానికి పని నాకు బాగా నచ్చింది. నచ్చిందని చెప్పుకోలేకపోవడమే నా బాధ. రోడ్డు మీద ఏ కారు నెమ్మదించినా లేచి టైర్ల గుట్ట వెనక్కి పోయేవాణ్ణి. అది వెళ్లిపోయాక వచ్చి కూర్చునేవాణ్ణి, మళ్లీ ఇంకో హారను. "ఏందిరా, తేలు గుట్టినట్ల దుంకుతున్నవ్! జర ఒక్క జాగల కూసో!" అని ఉస్తాదు అరిచేవాడు. (నేను పటేలు మనవణ్ణని ఆయనకు తెలియదు. తెలిసినా ఇంకో రకంగా అరిచేవాడు కాదు.)

ఒకనాడు ఉస్తాదు రంగుల కోసం పట్నం పోయాడు. నేను ఆలస్యంగా వచ్చి, ఇంకా ఇస్త్రీ చొక్కాలోనే ఉన్నాను. దాక్కునే వ్యవధి ఇవ్వకుండా ఒక పెద్ద తెల్ల కారు నేరుగా షెడ్డు ముందుకే వచ్చింది. దిగినవాడు ప్లాట్లన్న. ఆయన తండ్రి మా పొలాలు దున్నినవాడు. ఆయన అవే పొలాల్లో వెంచర్లు వేసి ప్లాట్లు అమ్ముతున్నాడు, అందుకని ఆ పేరు.

"అరే, చిన్న పటేలా! మీరేంది గీడ?"

"నా కారు ఇచ్చిన. చక్రానికి జర గీతవడ్డది" అన్నాను. అప్పటికి మా ఇంట్లో సైకిలు కూడా లేదు. ఆయన వెంటనే నమ్మాడు. (మా ఇంటి మాట నమ్మడం వాళ్ల ఇంటి అలవాటు. దానివల్ల వాళ్లకు ఒరిగిందేమీ లేదు.)

"మనదీ గదే కత. గీ మొగోడు జూడుండ్రి" అంటూ తన డ్రైవర్ను చూపించాడు. "వెంచర్ గేటు కాడ అంచుకు రాకిచ్చిండు. రేపే ఓపెనింగ్. ఇంకోసారి గీత వడ్డదంటే ఆ గేటు కాడికెళ్లే ఇంటికి తోల్త." నలభై ఏళ్ల ఆ డ్రైవరు తల వంచుకుని చెప్పుతో మట్టిని గీకుతూ నిలబడ్డాడు. "ఉస్తాదు వస్తె నేను చెప్త తీయ్, పోండ్రి" అని, ఏదో షెడ్డు నా దయవల్ల నడుస్తున్నట్టు, కారు అక్కడే పెట్టించి ఇద్దరినీ పంపేశాను.

ఎడమ వైపు ముందు చక్రం. ఆ సాయంత్రానికి దాన్ని అద్దంలా తయారు చేశాను. అంత మంచి పని నేను అంతకుముందు చేయలేదు. మర్నాడు పొద్దున ప్లాట్లన్న వచ్చేసరికి మళ్లీ ఇస్త్రీ చొక్కాలో, చేతులు కట్టుకుని, విసుగు మొహంతో నిలబడ్డాను.

"ఇంకా ఇయ్యలేదా మీ బండి?"

"వీళ్ల పని జర నెమ్మది" అన్నాను. లోపల కంప్రెసర్ మోతలో ఉస్తాదుకు ఆ మాట వినపడకపోవడం నా అదృష్టం. ప్లాట్లన్న చక్రాన్ని అరచేత్తో తడిమి, "మస్తు జేసిండు. ఎవడో గని పనోడు" అన్నాడు. నా గురించి ఒక మనిషి అన్న మొదటి మంచి మాటను నేను ఎవరి గురించో అన్నట్టు తల ఊపుతూ వినాల్సి వచ్చింది. ఆయన అక్కడితో ఆగలేదు. "మా బాపు ఇత్తనం ఏసే ముందల మొదటి పిడికెడు మీ తాతతోనే ఏపిచ్చెటోడు. మీ ఇంటి చెయ్యి మంచిది. ఇయ్యాల నిమ్మకాయల మీదికెళ్లి ఈ బండి మీరే తోలాలె, పటేలా." నాకు వచ్చిన డ్రైవింగంతా షెడ్డులో కార్లను నాలుగు గజాలు ముందుకీ వెనక్కీ జరపడమే. అయినా తాత పేరు ఎత్తాక కాదనే నోరు మా వంశంలో ఎవరికుంది?

వెంచర్ గేటుకు బంతిపూలు, ఒక పక్క డప్పులు, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. వీపు సీటుకు ఆనించకుండా నిటారుగా కూర్చున్నాను. నిమ్మకాయలు నలిగాయి, జనం చప్పట్లు కొట్టారు, కారు గేట్లోకి కదిలింది. కుడిపక్క జనం నమస్కారాలు పెడుతున్నారు. ఒక చేయి ఎత్తి ఒక్కొక్కరికీ బదులిస్తున్నాను. ఎడమపక్క నుంచి గర్రుమని చప్పుడు. డప్పుల మోతలో అది ఎవరికీ వినపడలేదు. నాకు వినపడింది. ఎనభై నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టాల్సినంత లోతు గీత అని కూడా ఆ చప్పుడులోనే తెలిసిపోయింది.

దిగగానే శాలువా కప్పారు. డ్రైవరు కారును పక్కకు తీసుకెళ్లి పెట్టాడు. అప్పుడు చూశాడు ప్లాట్లన్న చక్రాన్ని.

"మళ్ల రాకిచ్చినవ్ రా!"

"నేను పక్కకు వెట్టిన సార్, గంతే" అన్నాడు డ్రైవరు. ఒక్కసారి నా వైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

"తాళం ఆడ వెట్టి పో. ఇంక రాకు."

అతను తాళం బానెట్ మీద పెట్టాడు. నేను గేటు వైపు నాలుగడుగులు వేశాను, వెనక్కి వచ్చాను, మళ్లీ వేశాను. శాలువా మెడ మీద గుచ్చుకుంటోంది. ఇంకెవరైనా చూసి ఉంటారని, వాళ్లు చెబుతారని కాసేపు ఆశపడ్డాను కూడా. ఎవరూ చెప్పలేదు.

"అన్నా, రాకిచ్చింది నేను."

"ఊకోండ్రి పటేలా, వాన్ని బచాయించనీకి..." అన్నాడాయన. నా అబద్ధాలన్నీ నమ్మినవాడు నిజం ఒక్కటి నమ్మలేదు!

"నేనే. నిన్న గా చక్రం బాగు జేసింది గుడ నేనే. గాడ జీతానికి పన్జేస్త. నాకు కారు లేదు!" అని అరిచాను. డప్పులవాళ్లు సరిగ్గా అప్పుడే కొట్టడం ఆపారు. నాకు కారు లేదన్న సంగతి వెంచర్ మొత్తానికీ తెలిసింది.

ఇక నమ్మించడానికి ఒకటే దారి ఉంది. డ్రైవర్ను ఎవరిదో మోటార్‌సైకిల్ మీద పంపి షెడ్డు నుంచి నా సామాన్ల డబ్బా తెప్పించాను. శాలువా మడిచి పక్కన పెట్టి, అందరి ముందూ మట్టిలో కూర్చున్నాను. టైరుకు రంగు అంటకుండా టేపు చుట్టి రుద్దడం మొదలుపెట్టాను. పులిహోర ప్యాకెట్లు పట్టుకుని జనం చుట్టూ చేరి తలా ఒక సలహా ఇచ్చారు. ప్లాట్లన్న మొదట "లెవ్వుండ్రి పటేలా, మట్టయితది" అన్నాడు. కాసేపటికి వచ్చి పక్కనే గొంతుక్కూర్చుని, "తమ్మీ, గా అంచుకు ఇంకో జర రుద్దు" అన్నాడు. పటేలా అనడం ఎప్పుడు మానాడో నేను గమనించలేదు. గమనించేసరికి ప్రైమరు ఆరిపోయింది.

వెళ్లే ముందు డ్రైవరు చేతికి తాళం తిరిగి వచ్చింది. నేను ఊరుకోక, "ఎడమ అద్దం జర కిందికి తిప్పుకో. అంచుకు మూరెడు దూరముంచు. చక్రానికి రబ్బరు పట్టీ ఏపిచ్చుకో" అని చెప్పాను.

"మీరు చెప్తున్నరా సార్!" అన్నాడతను.

ఊరు చెప్పక ముందే నేనే చెప్పాలని ఇంటికి పరుగెత్తాను. అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"అమ్మా, నేను కంపెనీల సూపర్‌వైజర్ను కాదే."

"ఎరుకే" అంది తల ఎత్తకుండా. "సూపర్‌వైజర్ గోర్లల్ల వెండి రంగేంది బిడ్డా? ఎన్మిది నెలల సంది నీ అంగీలు నేనేగా పిండేది."

"మరి అడగలేదేంది?"

"నువ్వు అంత కష్టపడి దాస్తున్నవ్ గద. ఎందుకులే పాపం అనుకున్న."

మర్నాడు టైర్ల గుట్ట ఊసే లేకుండా, షెడ్డు ముందు రోడ్డుకు ఎదురుగా కూర్చున్నాను. చూస్తే చూడనీ అని ఛాతీ విరుచుకుని కూర్చున్నాను. కార్లు పోయాయి, బస్సులు పోయాయి, మా ఊరివాళ్లూ పోయారు. ఒక్కరూ నా వైపు చూడలేదు. నిజం చెప్పాలంటే, దాక్కున్న ఎనిమిది నెలలకన్నా ఆ ఒక్క పూటే మనసుకు ఎక్కువ కష్టమనిపించింది. ఇప్పుడు సొంత షెడ్డుంది, దాని మీద నా పేరు పెద్ద అక్షరాలతో ఉంది. అయినా ఏ కారు నెమ్మదించినా చేతిలో పని ఆపి తల ఎత్తుతాను, మా తాతను ఎరిగినవాడెవడైనా పలకరిస్తాడేమోనని. చాలాసార్లు ముందున్న గుంతను చూసి నెమ్మదించినవాళ్లే అయి ఉంటారు. నేను మాత్రం ఎందుకైనా మంచిదని ఒక చేయి ఎత్తి నమస్కారం పెట్టేస్తుంటాను.