క్యాసినోలో నా నవ్వు

మదనపల్లెలో మా పెద్దమ్మ కూతురికి బ్యూటీ పార్లర్ ఉంది. పెళ్లికూతుళ్లను ముస్తాబు చేయడంలో పేరున్న మనిషి. ఒక సెలవురోజు పొద్దున్నే ఫోన్ చేసి, "మంచి పట్టుచీర ఒగటి ఎత్తుకోని బిరీన రా మే. ఈడ సినిమా తీస్తాండారు. జనం సాల్లేదంట," అంది. నేను పుంగనూరులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. సినిమాలో నాకేం పనో అర్థం కాలేదు. అయినా అక్క మాట కాదనే అలవాటు మా ఇళ్లల్లో ఎవరికీ లేదు. బస్సెక్కాను.

అది క్యాసినోలు నడిపే గూండాల కథట. క్యాసినో అంటే పెద్దవాళ్ల జూదశాల అన్నంతవరకు నాకు తెలుసు. తీసేది మాత్రం ఊరి చివర ఒక కల్యాణమండపంలో. నేను అక్కడ ఎన్నోసార్లు పెళ్లిభోజనం చేశాను. ఇప్పుడు కిటికీలన్నిటికీ నల్లగుడ్డలు కట్టేశారు. అన్నాల బల్లల మీద పచ్చగుడ్డ పరిచి, రంగురంగుల ప్లాస్టిక్ బిళ్లలు పేర్చారు. పెళ్లికూతురి గదిలో మాకు మేకప్, పెళ్లికొడుకు గదిలో తుపాకులు. బయట మిట్టమధ్యాహ్నం, లోపల అర్ధరాత్రి. సాంబారు వాసన మాత్రం గోడలను వదల్లేదు.

నేను తెచ్చిన పట్టుచీర పనికిరాదన్నారు. మెరుపుల గౌను ఒకటి ఇచ్చారు. అది వేసుకుని బయటికి వస్తుంటే ఎదురుగా ఎవరో వస్తున్నారని పక్కకు జరిగాను. నిలువుటద్దం.

"నువ్వు మాట్లాడేది ఏమీ లే. సెప్పినట్టు సెయ్, అంతే," అంది అక్క, నా జుట్టు సర్దుతూ.

నన్ను కూర్చోబెట్టిన బల్ల దగ్గర తెల్లకోటు వేసుకున్న ఒక పెద్దాయన ఉన్నారు. ఒకప్పుడు పౌరాణిక నాటకాలు వేసేవారట. నేను తెలుగు పంతులమ్మనని తెలిశాక, ఈ కాలం పిల్లలు పద్యం రాగం తీసి చదువుతారా అని అడిగారు. చదవరని చెబితే నొచ్చుకున్నారు. మధ్యాహ్నం రాగిసంగటి, దాంట్లోకి ఊరుబిండి పచ్చడి పెట్టారు. కోటు మీద పడకుండా మెడకు తువ్వాలు కట్టుకుని, "ఇంకో ముద్ద పెట్టించుకో తల్లీ, మొహమాటపడితే కడుపు నిండదు," అన్నారు. ఆ గూండాలందరికీ నాయకుడు ఆయనేనని చేయి కడుక్కునేటప్పుడు అక్క చెబితే గానీ నాకు తెలియలేదు.

భోజనాలయ్యాక సహాయ దర్శకుడు ఒకాయన నా దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, మీరు నవ్వాలి."

"యాల సార్?"

"అదిగో, ఆ లైటు వైపు చూసి నవ్వండి. గట్టిగా."

"ఆడ ఏముండాదని నవ్వేది?"

"ఏదో ఉందనుకోండి. అదేంటో మేం తర్వాత కలుపుకుంటాం."

ఏం కలుపుతారో తెలియకుండా ఎలాంటి నవ్వు నవ్వాలి? వెటకారంగానా, సంతోషంగానా? పిల్లలు పరీక్షల్లో రాసే జవాబులు గుర్తుచేసుకుని నవ్వాను. చాలదన్నారు. మళ్లీ నవ్వాను. అదీ చాలదన్నారు. నా అవస్థ చూసి పెద్దాయన కెమెరా వెనక్కి వెళ్లి, తువ్వాలు తలపాగాలా చుట్టి, నాటకంలో రాజుగారిలా మీసం తిప్పారు. అప్పుడు నవ్వు దానంతటదే వచ్చింది. బాగుందన్నారందరూ.

ఆ తర్వాత నన్ను గోడ పక్కకు పంపి, ఆయన్ని కాల్చేశారు. తెల్లకోటు మీద ఎర్రరంగు పొంగింది. ఉత్తుత్తిదేనని తెలుసు. అయినా ఆయన కుర్చీలోంచి జారి, కళ్లు తెరుచుకునే కింద పడుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. కెమెరా నా వైపు లేదు. ఆయన లేచి నన్ను చూసి, "అయ్యో, నిజంగానే ఏడుస్తున్నావే," అని, ఏం చేయాలో తోచనట్టు ఆ ఎర్రటి చేతిని నా తల మీద పెట్టబోయి ఆగిపోయారు.

కొన్ని నెలలకు సినిమా విడుదలైంది. మా ఆయన ఉద్యోగం కుప్పంలో. సెలవులకు నేను అక్కడికి పోతాను. రామకుప్పం దగ్గర పల్లెలో పుట్టి పెరిగిన మా అత్త, కోడలు తెర మీద కనబడుతుందంటే తనూ బయల్దేరింది. ముగ్గురం హాలుకు పోయాం.

మొదటి నుంచే నాకు తికమక. అన్నీ ఒకే రకం కోట్లు, ఒకే రకం గడ్డాలు. పోలీసనుకున్నవాడు గూండాల్లో కలిశాడు. గూండా అనుకున్నవాడు పోలీసులకు ఫోన్ చేశాడు. "వీడు మంచోడా, సెడ్డోడా?" అని అత్త అడుగుతూనే ఉంది. "ఇప్పటికి మంచోడేమ్మా," అన్నాడు మా ఆయన. పెద్ద కొట్లాట వస్తే, "ఏనుగులు రాగిచేలో పడినట్టుండాది," అంది అత్త.

అప్పుడు వచ్చారు పెద్దాయన. తుపాకీ పేలింది. ఆయన కుర్చీలోంచి జారి పడ్డారు. మరుక్షణం తెర నిండా నా ముఖం. పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాను. హాల్లో ఈలలు మోగాయి.

అత్త తెర వైపు చూసింది, నా వైపు చూసింది.

"మనిషి సచ్చిపోతాంటే యాల నవ్వినావమ్మా?"

"అప్పుడు ఆయన సావలేదత్తా. మీసం తిప్పినాడు, నవ్వినా."

"మరి సచ్చినప్పుడు?"

"ఏడ్చినా."

"ఆ ఏడ్చింది యాడ ఉండాది?"

"తీయలేదు."

ఇంటికి వచ్చాక నేను అక్కకు ఫోన్ చేసి, ఆయన చస్తే నేను ఎందుకు నవ్వాలి, కథలో నేనెవర్ని అని అడిగాను. "నాకేం తెలుసు? నేను జుట్లు సూస్తాంటి," అంది. మా ఆయన లెక్క ప్రకారం నేను అవతలి ముఠా మనిషిని. అలాగైతే పెద్దాయన బల్ల దగ్గరే ఎందుకు కూర్చున్నానో మా ఆయనా చెప్పలేకపోయాడు.

మర్నాడు వీధి గడప దగ్గర పక్కింటావిడకు అత్త కథ చెబుతుంటే లోపలి నుంచి విన్నాను. "మా కోడలు దాంట్లో పోలీసు. యాసం మార్సుకోని ఆ దొంగల్లో ఉండాది. ఆ ముసిలోడు ఎంతమంది కొంపలు కూల్సినాడో! వాడు పడితే నవ్వదా మరి?"

నేను బయటికి పోయి అది కాదని చెబుదామనుకున్నాను. కానీ మరేమిటని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. గడప దాకా వచ్చిన నన్ను చూసి పక్కింటావిడ లేచి నిలబడింది. "కూసోండక్కా," అన్నాను. ఆమె వెంటనే కూర్చోలేదు.

అదే సినిమా ఫోన్‌లో వచ్చాక మళ్లీ చూశాను. నా నవ్వు దగ్గర ఆపి, దగ్గరగా పెట్టుకుని చూశాను. అది పెద్దాయన మీసం చూసి వచ్చిన నవ్వేనని నాకు తెలుసు. కానీ ఆ ముఖంలో అది ఎక్కడా కనబడలేదు. అత్త చెప్పిందే కనబడింది.