కుండల్‌వాడి స్టాండులో సెలైన్ సీసా

కుండల్‌వాడి నుంచి నాయ్‌గావ్ వెళ్లే జీపుల్లో ఇంజన్ నడుస్తున్నదే ముందు నిండుతుంది. కదలబోతున్నట్టు కనిపించే బండినే జనం ఎక్కుతారు; అది మరో అరగంట కదలదని వారికీ తెలుసు. అందుకే ఇక్కడి డ్రైవర్లు మొదటి సవారీ, అంటే ప్రయాణికుడి, కోసం ఇంజన్ తిప్పితే చివరి సీటు నిండేదాకా ఆపరు. నాగనాథ్ పెళ్లికి ముందు నుంచీ ఈ స్టాండులోనే ఉన్నాడు. ఇంజన్ నడుస్తూ నిలబడటాన్ని అతడు ఏనాడూ ఖర్చుగా భావించలేదు.

జీపు అతనిది కాదు. ఎరువుల దుకాణం నడిపే వెంకట్రావ్‌ది. డీజిల్ కూడా ఆయనే దగ్గరుండి పోయిస్తాడు. ఈ వానాకాలంలో ఒక సాయంత్రం, చాయ్ హోటల్ దగ్గర మిగతా డ్రైవర్లందరి ముందు ఆయన అడిగాడు:

"నాగనాథ్, నేను పోస్తున్న డీజిల్ జీపే తాగుతుందా, ఇంకెవలన్న తాగుతుండ్రా?"

అందరూ నవ్వారు. నాగనాథ్ కూడా నవ్వాడు. ఆ నవ్వే అతణ్ని తరువాత ఎక్కువగా బాధించింది.

"నవ్వుడు గాదు. సోమవారం దాక లెక్క జెప్పు. లేకుంటే తాళం గౌరవ్‌కు ఇస్త," అన్నాడు వెంకట్రావ్, పక్కనే చాయ్ తాగుతున్న కుర్ర డ్రైవరును చూపిస్తూ.

బండి ఎంత తాగుతుందో తేల్చే దారి చెప్పమని నాగనాథ్ మెకానిక్ గజానన్ దగ్గరికి వెళ్లాడు. డీజిల్ కొలిచే కంపెనీ మీటరు మాట ఎత్తగానే గజానన్ చెయ్యి ఊపేసి, గోడకు వేలాడుతున్న ఖాళీ సెలైన్ సీసా తీశాడు. దాని మీద మిల్లీలీటర్ల గీతలు అచ్చై ఉన్నాయి. అందులో డీజిల్ నింపి, ఇంజన్‌కు పోయే పైపును టాంకీ నుంచి తీసి ఈ సీసాలో పెట్టారు. స్టాండు దాటకముందే సీసా ఖాళీ అయింది. నాగనాథ్ ముఖం పాలిపోయింది.

"భయపడకు," అన్నాడు గజానన్. "ఇంజన్ తాగంగ మిగిలింది ఎన్కకు అచ్చే పైపు టాంకిలనే ఉండె. గది మర్సిన. రెండు పైపులు సీసలనే ఉండాలె."

రెండో పైపునూ సీసాలోకి తెచ్చాక లెక్క కుదిరింది. ఆదివారం పొద్దున వెంకట్రావ్ పక్కన కూర్చోగా, నాగనాథ్ ఖాళీ జీపును చదునైన రోడ్డు మీద నెమ్మదిగా నడిపాడు. చివరి గీత దగ్గర ఆపాడు. లీటరుకు పదమూడు కిలోమీటర్లు తేలింది. పాత బండికి అది మంచి లెక్క. ఫిల్టరు సమయానికి మార్చింది తనే కనుక నాగనాథ్‌కు గర్వంగా కూడా అనిపించింది.

"మరి నేను పోసే లీటరు తొమ్మిది కిలోమీటర్లకే ఎందుకు అయిపోతుంది?" అన్నాడు వెంకట్రావ్. "మిగిలిన నాలుగు ఏడికి పోయినయ్?"

బండి ఎంత బాగుందని తేలితే తాను అంత దొంగనని తేలుతుందని నాగనాథ్‌కు అప్పుడు అర్థమైంది.

సోమవారం అతడు పైపులు పెట్టిన సీసాను అద్దం పక్కన వేలాడదీసి, ఇంజన్ తిప్పి, జీపును స్టాండులో వరుసలో నిలబెట్టాడు. వెంకట్రావ్‌ను బతిమాలి పిలిపించుకున్నాడు. ముందుగా ఎక్కింది కూరగాయల బుట్టతో రోజూ నాయ్‌గావ్ వెళ్లే శివవ్వ.

"ఏంది కొడుకా, జీబును దవాఖానల ఏసినవా?"

"దానికి గాదు అవ్వా, నాకు ఎక్కిస్తుండ్రు."

సీట్లు సగం నిండేసరికే సీసాలో మట్టం రెండు గీతలు దిగింది. చక్రం ఒక్క చుట్టు కూడా తిరగలేదు. నాగనాథ్ వేలు పెట్టి చూపించాడు.

"జూడుండ్రి మాలక్. దినాం ఎన్ని ట్రిప్పులో, అన్నిసార్లు గిట్లనే."

వెంకట్రావ్ వేలితో గీతలు లెక్కపెట్టాడు. "అయితే నువ్వు తాగలే. మంచిది," అన్నాడు. "ఇగ బందు జెయ్. నిలబడితే ఇంజన్ నడువద్దు."

"బందు జేస్తే సవారి ఆగది మాలక్."

"డీజిల్ నాది. బందు జెయ్."

నాగనాథ్ తాళం తిప్పాడు. జీపు ఒకసారి వణికి ఆగింది. వెనక జీపు డ్రైవరు వెంటనే తన ఇంజన్ తిప్పి "నాయ్‌గావ్, నాయ్‌గావ్" అని అరిచాడు. లోపల కూర్చున్నవారు ఒకరి ముఖం ఒకరు చూసుకుని దిగడం మొదలుపెట్టారు. ఆఖరున శివవ్వ బుట్ట ఎత్తుకుంది.

"గా జీబు గూడ ఇప్పుడే పోదు అవ్వా. నీకు ఎరుకే గదా."

"ఎరుకే బిడ్డా. కాని నడుస్తుంది గదా," అని ఆమె వెనక జీపులోకి వెళ్లి కిటికీ పక్కన కూర్చుంది.

వెంకట్రావ్ వంగి సీసాను చూశాడు. మట్టం గీత మీదే నిలిచి ఉంది.

"ఇప్పుడు జూడు, ఒక్క సుక్క పోతలేదు."

"ఎవల్ని ఎక్కించుకొని నడపాలె మాలక్?"

"గది నీ పని," అని వెంకట్రావ్ దుకాణం వైపు నడిచాడు. తాళం నాగనాథ్ దగ్గరే ఉంది. వెనక జీపు నిండి, పక్క నుంచి దాటుకుని ముందుకు వెళ్లిపోయింది. ఆ ఖాళీలోకి ఇంకో జీపు వచ్చి, ఇంజన్ ఆపకుండా నిలబడింది.